కార్నియా సర్జన్ పని: కుట్టు ఒక వంతు, కాపలా మూడు వంతులు

కంటి వైద్యంలో ఎంఎస్ పూర్తి కావస్తున్న వాళ్లలో ఎక్కువమంది చూపు క్యాటరాక్ట్ (శుక్లం) మీదో రెటీనా మీదో ఉంటుంది. తప్పేమీ లేదు. క్యాటరాక్ట్ పది పదిహేను నిమిషాల పని, మర్నాడు కట్టు విప్పితే చూపు వస్తుంది, పేషెంటు దణ్ణం పెట్టి ఊరెళ్లిపోతాడు. కంటి ముందు అద్దంలా ఉండే పొర కార్నియా, దాన్ని తీసి దాతది వేసే మార్పిడి అలా కాదు. ఆపరేషన్‌కి గంట, చూపు కుదుటపడటానికి ఏడాది, ఆ పేషెంటుతో లావాదేవీ అతను బతికున్నంత కాలం. ఈ లెక్కకి మనసు ఒప్పుకోకపోతే ఈ దారిలోకి రాకపోవడమే మంచిది. ఒప్పుకుంటే మాత్రం కంటి వైద్యంలో ఇంత తృప్తినిచ్చే పని ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

చదువు సంగతి చకచకా చెప్పేస్తాను. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, నీట్ పీజీ రాసి ఆఫ్తాల్మాలజీలో ఎంఎస్ గానీ డీఎన్‌బీ గానీ మూడేళ్లు, ఆపైన కార్నియా ఫెలోషిప్ ఏడాదిన్నర నుంచి రెండేళ్లు. ఇంటర్ అయిన పదేళ్లకు గానీ సొంతంగా మార్పిడి చేసే స్థితి రాదు. ఎంట్రన్స్‌లు మింగే ఏళ్లు దీనికి అదనం. అవయవ మార్పిడి చట్టం నియమాల ప్రకారమైతే పీజీ తర్వాత మూడు నెలల శిక్షణ ఉంటే సరిపోతుంది. కాగితానికి అది చాలు, చేతికి చాలదు.

తెలుగువాళ్లకు ఈ విద్య కోసం దూరం పోవాల్సిన పని లేదు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, ఢిల్లీ ఎయిమ్స్‌లో పీజీ చేసి, అమెరికాలో కార్నియా నిపుణుడిగా పనిచేసిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1986లో తిరిగొచ్చి, 1987లో హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను మొదలుపెట్టారు. సినీ నిర్మాత ఎల్వీ ప్రసాద్ స్థలమూ విరాళమూ ఇచ్చారు కాబట్టి ఆ పేరు. 1989లో అక్కడే రామాయమ్మ ఐ బ్యాంక్ వచ్చింది. 2024 నాటికి ఆ సంస్థలో జరిగిన కార్నియా మార్పిడులు 50,000 దాటాయి. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఫెలోషిప్ ఎంచుకునేటప్పుడు చూడాల్సింది బిల్డింగూ బ్రోచరూ కాదు, ఆ ఆస్పత్రికి సొంత ఐ బ్యాంక్ ఉందా, వారానికి ఎన్ని కార్నియాలు వస్తాయి, అందులో ఫెలో చేతికి ఎన్ని దక్కుతాయి అన్నది. టిష్యూ, అంటే దాత కార్నియా, లేనిచోట కార్నియా ఫెలోషిప్ అంటే కండ్లకలక ఓపీ చూడటమే.

చేతికి తొలి పాఠం మేక కళ్ల మీద. పొద్దున్నే మాంసం కొట్టు నుంచి తాజాగా తెచ్చుకోవాలి. మధ్యాహ్నానికి కార్నియా ఉబ్బి తెల్లబడిపోతుంది, దాని మీద నేర్చుకున్న లోతు అంచనా తప్పుడు అంచనా అవుతుంది. 10-0 నైలాన్ దారం తలవెంట్రుకలో మూడో వంతు మందం. మైక్రోస్కోపు కింద సూది ఎప్పుడూ దాని పొడవులో మూడింట రెండో వంతు దగ్గర పట్టుకోవాలి. కొన దగ్గర పట్టుకుంటే వంగుతుంది, తోక దగ్గర పట్టుకుంటే తిరుగుతుంది. మార్పిడికి పనికిరాని దాత కార్నియాలు శిక్షణకు ఇస్తారు, డీమెక్ అనే ఆపరేషన్‌కి కావలసిన పల్చటి లోపలి పొర ఒలవడం వాటి మీదే నేర్చుకోవాలి. మేక పొర మనిషి పొరలా ప్రవర్తించదు.

ఇక టిష్యూ. సర్జన్లలో చాలామంది దీన్ని ఐ బ్యాంక్ పని అనుకుని వదిలేస్తారు. అది పెద్ద పొరపాటు, ఎందుకంటే కార్నియా బతుకంతా లోపలి వైపున్న ఒకే ఒక్క కణాల వరస మీద ఆధారపడి ఉంది. ఎండోథీలియం అనే ఆ వరస నీటిని నిరంతరం బయటకు తోడుతూ ఉంటుంది కాబట్టే కార్నియా అద్దంలా ఉంటుంది. ఈ కణాలు మనిషిలో మళ్లీ పుట్టవు. పెద్దవాళ్లలో చదరపు మిల్లీమీటరుకు సుమారు 2,500 ఉంటాయి, ఏటా అర శాతం పైచిలుకు తగ్గుతూ పోతాయి, 500 దగ్గరకొచ్చేసరికి కార్నియా ఉబ్బడం మొదలవుతుంది. సర్జన్ చేసే ప్రతి మొరటు పనీ ఈ ఖాతాలోంచే ఖర్చవుతుంది.

మనిషి పోయాక ఆరు గంటల్లోపు కార్నియా తీయాలి. టీమ్ వచ్చేలోగా ఇంట్లోవాళ్లు చేయాల్సినవి చిన్నవే: రెప్పలు మూసి పైన తడి దూది పెట్టడం, ఫ్యాన్ ఆపేయడం, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తుగా ఉంచడం. ఏసీ ఉంటే వేసుకోవచ్చు. కళ్లజోడు, షుగర్, బీపీ ఉన్నా దానానికి అడ్డు కాదు. రేబిస్, హెచ్ఐవీ, హెపటైటిస్, సెప్సిస్, లుకేమియా ఉంటే తీసుకోరు. దాత రక్తం తప్పనిసరిగా పరీక్షకు పంపుతారు. కన్ను మొత్తం తీసే పద్ధతి తగ్గిపోయింది. ఇప్పుడు కార్నియాను చుట్టూ 2 నుంచి 4 మిల్లీమీటర్ల తెల్లగుడ్డు అంచుతో కోసి, సీసాలోని ద్రావణంలో వేసి 2–8 డిగ్రీల మధ్య ఉంచుతారు. ఎంకే మీడియంలో అయితే 4 రోజులు, ఆప్టిసాల్, కార్నిసాల్ లాంటి వాటిలో 14 రోజులు. తీసేటప్పుడు కార్నియాను మడిచినా, ఐరిస్‌తో (కంటి రంగు పొరతో) పాటు లాగినా లోపలి కణాలు గీతలు గీతలుగా చచ్చిపోతాయి. రవాణాలో ఐస్ బాక్స్ ఉండాలి గానీ సీసా ఐస్‌కి ఆనకూడదు. గడ్డకట్టిన కార్నియాలో ఎండోథీలియం మిగలదు.

సీసా చేతికొచ్చాక రిపోర్టులోని కణాల సంఖ్య ఒక్కటే చూసి సంతకం పెట్టకండి. మరణానికీ సేకరణకీ మధ్య ఎన్ని గంటలు, దాత వయసెంత, కార్నియాలో మడతలు ఎన్ని, మధ్య 8 మిల్లీమీటర్లలో మచ్చ ఉందా అన్నవి సొంత కళ్లతో స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దది చేసి చూపే మైక్రోస్కోపు) మీద చూసుకోవాలి. చూపు కోసం చేసే మార్పిడికి మామూలుగా కణాల సంఖ్య 2,000 పైన అడుగుతారు. పుండు పగిలి కన్ను కారిపోతున్నవాడికి కన్ను దక్కించడానికి వేసే కార్నియాకి అంత అక్కర్లేదు. మంచి టిష్యూని అత్యవసర కేసుకు ఖర్చు చేసి, రెండో రోజు పదేళ్ల పిల్లాడికి లేదనాల్సి రావడం ఈ వృత్తిలో తరచూ ఎదురయ్యే ఇబ్బంది. దేశంలో సేకరించిన కార్నియాల్లో దాదాపు సగమే మార్పిడికి పనికొస్తున్నాయి కాబట్టి ఈ పంపకం సర్జన్ నెత్తిన ఎప్పుడూ ఉంటుంది.

ఎవరికి చేయాలన్నదానికంటే ఎవరికి చేయకూడదన్నది తెలియడమే అనుభవం. ఒక కంట్లో చిన్నప్పటి నుంచి పువ్వు ఉండి, రెండో కన్ను 6/6 చూస్తున్న ముప్పై ఏళ్ల మనిషి వస్తాడు, పెళ్లి సంబంధాలు కుదరడం లేదంటాడు. ఆ కన్నుకి మెదడు చూడటం ఎప్పుడో మానేసి ఉంటుంది. మార్పిడి చేస్తే తెల్ల మచ్చ పోవచ్చు గానీ చూపు రాదు, జీవితాంతం చుక్కల మందు, రిజెక్షన్ (ఒంటి రోగనిరోధక శక్తి దాత కార్నియాను తిప్పికొట్టడం) భయం మిగులుతాయి. రంగు కాంటాక్ట్ లెన్సో, కార్నియా టాటూయో చెప్పి పంపడమే సరైన వైద్యం. మరీ పొడిబారిన కన్నూ, రెప్పలు మూతపడని కన్నూ, కంటి ప్రెషర్ అదుపులో లేని కన్నూ ముందు ఆ సంగతి సరిచేసుకుని రావాలి. కార్నియా లోపలికి నాలుగు వైపుల నుంచీ రక్తనాళాలు పాకి ఉంటే రిజెక్షన్ అవకాశం బాగా పెరుగుతుందని ముందే చెప్పాలి.

సున్నం పడ్డ కన్ను దగ్గర తొందరపాటు ఖరీదైనది. మొట్టమొదటి విజయవంతమైన కార్నియా మార్పిడి 1905 డిసెంబరు 7న ఇప్పటి చెక్ దేశంలోని ఓలోమౌట్స్‌లో ఎడ్వార్డ్ జిర్మ్ చేసింది సున్నంతో కళ్లు పోయిన కూలీకే. రెండు కళ్లకీ చేస్తే ఒకటి నిలబడింది. ఆ ఒకటి నిలబడటం అదృష్టమనే అనాలి. కార్నియా అంచున ఉండే మూలకణాలు కాలిపోయాక మధ్యలో ఎంత మంచి కార్నియా కుట్టినా పైపొర నిలవదు, కొన్ని నెలల్లో మళ్లీ మసకబారిపోతుంది. అందుకే ముందు మూలకణాలు. ఒక కన్నే కాలితే స్లెట్ పద్ధతి ఉంది. దీన్ని హైదరాబాద్‌లోనే వీరేందర్ సాంగ్వాన్ బృందం 2012లో ప్రకటించింది. బాగున్న కంటి అంచు నుంచి సుమారు 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని ఎనిమిదీ పది తునకలు చేసి, కాలిన కంటిమీద పరిచిన ఆమ్నియాటిక్ పొర (కాన్పు తర్వాత తీసుకునే మాయ పొర) మీద ఫైబ్రిన్ జిగురుతో అంటిస్తారు. ల్యాబులో కణాలు పెంచే ఖర్చు లేదు, జిల్లా స్థాయిలోనూ చేయొచ్చు. చాలా కేసుల్లో ఆ తర్వాత మార్పిడి అవసరమే పడదు.

మన దగ్గర కార్నియా సర్జన్‌కు పని తెచ్చిపెట్టేది ప్రధానంగా పుండ్లు. వరి కోతల్లో కంకి గీసుకున్నవీ, నూర్పిళ్లలో పొట్టు పడ్డవీ. ఫ్యుజేరియం, యాస్పర్జిల్లస్ ఫంగస్‌లు. పేషెంటు నేరుగా మన దగ్గరికి రాడు. ముందు ఆకు పసరో చనుబాలో పోయించుకుంటాడు, తర్వాత మెడికల్ షాపులో ఎర్రబడిన కంటికి చుక్కలిమ్మంటాడు. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే నొప్పి రెండు రోజులు తగ్గి, ఫంగస్ లోతుకు దిగుతుంది. పుండు గీకి 10 శాతం కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) వేసి చూసిన స్లైడ్ మీద ఫంగస్ పోగులు కనిపిస్తే గంట గంటకీ 5 శాతం నాటమైసిన్ చుక్కలు. సూది మొన అంత రంధ్రం పడితే సయనోయాక్రిలేట్ జిగురు, పైన బ్యాండేజ్ లెన్స్. 3 మిల్లీమీటర్లు దాటితే జిగురు ఆగదు, మార్పిడే. అప్పుడు పుండు అంచుకు బయట కనీసం అర మిల్లీమీటరు మంచి కార్నియాతో కలిపి కోసేయాలి. పిసినారితనం చేసి అంచులో ఫంగస్ మిగిల్చితే కొత్త కార్నియా వారంలో అంటుకుంటుంది. మామూలు మార్పిడి తర్వాత వెంటనే మొదలెట్టే స్టెరాయిడ్ ఇక్కడ మొదలెట్టకూడదు, ఫంగస్ పోయిందని నమ్మకం కుదిరేదాకా ఆగాలి.

ఇప్పుడు పూర్తి మందం మార్పిడి, అంటే పీకే. కొత్త పద్ధతులు ఎన్ని వచ్చినా ముందు ఇదే రావాలి, ఎందుకంటే మిగతావి చెడితే చివరికి పడేది ఇక్కడే.

వృద్ధులకు బ్లాక్‌తో (కంటి చుట్టూ మత్తు సూదితో) చేసినా, దగ్గు ఉన్నవాళ్లకీ పిల్లలకీ జనరల్ అనస్తీషియా మేలు. అరగంట ముందు 20 శాతం మానిటాల్ ఎక్కించి కంటి ఒత్తిడి దించాలి. సొంత లెన్స్ ఉన్న కన్నైతే పైలోకార్పిన్‌తో కంటిపాప ముడిచి ఉంచాలి. ముందు దాత కార్నియా కోసుకుని, అది భద్రంగా ఉందని చూసుకున్నాకే పేషెంటు కంటి మీద బ్లేడు పెట్టాలి. పంచ్ (గుండ్రంగా కోసే పనిముట్టు) జారి దాత కార్నియా ఏటవాలుగా తెగిందనుకోండి, అవతల కన్ను తెరిచి ఉంటే ఏం చేస్తారు? దాత కార్నియాను టెఫ్లాన్ పళ్లెంలో ఎండోథీలియం పైకి ఉండేలా బోర్లించి ఒక్క నొక్కుతో కోయాలి. మెలితిప్పకూడదు. పేషెంటుకు 7.5 మిల్లీమీటర్లు కోస్తే దాతది 8. ఆ అర మిల్లీమీటరు తేడా లేకపోతే కార్నియా చదునుగా కూర్చుని, కంట్లోని నీరు బయటికి పోయే కోణం మూసుకుంటుంది, కంటి ప్రెషర్ పెరుగుతుంది. కెరటోకోనస్‌లో, అంటే కార్నియా పల్చబడి శంకువులా ముందుకు పొడుచుకొచ్చే జబ్బులో, ఈ తేడా తగ్గించుకోవాలి.

పేషెంటు కార్నియా మీద మధ్య గుర్తు పెట్టి, సక్షన్ ట్రెఫైన్‌తో (కంటికి పట్టుకుని ఉండే గుండ్రటి బ్లేడుతో) దాదాపు పూర్తి లోతు కోసి, ఒక చోట బ్లేడుతో లోపలికి దిగి, విస్కోఎలాస్టిక్ జెల్ నింపి, మిగతాది కత్తెరతో. కత్తెర కొస కింద ఐరిస్ చిక్కిందేమో ప్రతి కోతకీ చూడాలి. పాత కార్నియా తీసిన క్షణం నుంచి మొదటి నాలుగు కుట్లు పడేదాకా కన్ను ఆకాశానికి తెరిచి ఉంటుంది. కార్నియా సర్జన్ జీవితంలో అసలు భయం ఆ నాలుగైదు నిమిషాలదే. కంటి వెనకాల రక్తనాళం చిట్లితే మైక్రోస్కోపులో కంటిపాపలోంచి కనిపించే ఎర్రటి వెలుగు నల్లబడుతుంది, ఐరిస్, లెన్స్ ముందుకు తోసుకొస్తాయి. అప్పుడు ఆలోచించడానికి టైముండదు. వేలితో నొక్కి మూసి, ఏది దొరికితే దానితో కుట్టేయాలి. బీపీ అదుపులో లేని పేషెంటును ఆ రోజు వాయిదా వేసిన సర్జన్‌ను ఎవరూ మెచ్చుకోరు గానీ ఈ ప్రమాదానికి అంతకన్నా మంచి నివారణ లేదు.

తొలి కుట్టు 12 గంటల దగ్గర, రెండోది సరిగ్గా ఎదురుగా 6 దగ్గర. మొత్తం ఆపరేషన్‌లో ముఖ్యమైన కుట్టు ఈ రెండోదే. ఇది కాస్త పక్కకు పడితే ఒక వైపు టిష్యూ ఎక్కువై, ఇంకో వైపు తక్కువై, తర్వాత వేసే పద్నాలుగు కుట్లూ ఆ తప్పును కప్పిపుచ్చే పనిలోనే ఉంటాయి. ఆరు నెలల తర్వాత అది 8 డయాప్టర్ల ఆస్టిగ్మాటిజంగా (కార్నియా వంపు అన్ని వైపులా సమంగా లేక చూపు చెదరడం) బయటపడుతుంది. 3, 9 దగ్గర మరో రెండు వేశాక కార్నియా మీద చతురస్రపు మడత సమంగా కనిపిస్తే పంపకం కుదిరినట్టు. ప్రతి కుట్టూ కార్నియా మందంలో 90 శాతం లోతుకు పోవాలి. పైపైన వేస్తే వెనక అంచు నోరు తెరుచుకుని ఉబ్బుతుంది, పూర్తిగా లోపలికి దిగితే దారం వెంట నీరు కారుతుంది, క్రిములకు దారి అవుతుంది. ముడులన్నీ పేషెంటు కార్నియా వైపు పాతేయాలి. చివర ఫ్లోరసిన్ వేసి ఎక్కడైనా లీకవుతుందేమో చూడనిదే టేబుల్ మీంచి లేవకూడదు.

కెరటోకోనస్ లాంటి జబ్బుల్లో పేషెంటు ఎండోథీలియం బాగానే ఉంటుంది కాబట్టి దాన్ని ఉంచి పై భాగమే మార్చే డాల్క్ చేయాలి. ఎండోథీలియల్ రిజెక్షన్ బెడదే ఉండదు. అన్వర్ చెప్పిన బిగ్ బబుల్ పద్ధతిలో లోతైన పొరలోకి సూది దూర్చి గాలి ఊదితే పొరలు విడిపోతాయి. బుడగ పడిందో లేదో అనుమానమైతే కార్నియాకీ ఐరిస్‌కీ మధ్యనున్న గదిలోకి చిన్న గాలి బుడగ ఒకటి వదలండి. అది అంచుకు తోసుకుపోతే పెద్ద బుడగ పడ్డట్టే. పొరకు పెద్ద చిల్లు పడితే పీకేకి మారాల్సిందే, అందుకే డాల్క్‌కి కూడా ఎండోథీలియం బాగున్న టిష్యూనే దగ్గర పెట్టుకోవాలి.

దీనికి విరుద్ధంగా, ఎండోథీలియం ఒక్కటే పోయిన కన్నుకి లోపలి పొరనే మార్చే డీసెక్, డీమెక్. డీసెక్‌లో ఆ పొరతో పాటు కార్నియా మందం కూడా కాస్త వస్తుంది. నెదర్లాండ్స్‌కి చెందిన గెరిట్ మెల్లెస్ ఈ దారి వేశారు. డీమెక్‌లో వేసేది పది పదిహేను మైక్రాన్ల పొర. చుట్టగా చుట్టుకుపోతుంది, ఎండోథీలియం ఎప్పుడూ బయటి వైపు. దాత చిన్నవాడైతే చుట్ట మరీ బిగుసుకుంటుంది, అందుకే యాభై దాటిన దాత కార్నియా అడుగుతారు. ట్రైపాన్ బ్లూతో రంగు వేసి, లోపలికి వదిలి, కార్నియా మీద బయట నుంచి చిన్నగా తడుతూ విప్పి, కింద గాలో ఎస్ఎఫ్6 వాయువో నింపి అంటిస్తారు. పొర తలకిందులుగా అంటితే పని వృథా, ఎస్ గుర్తు వేసిన పొర తీసుకుంటే ఆ గొడవ తప్పుతుంది. కింద ఐరిస్‌లో రంధ్రం చేయడం మర్చిపోతే గాలి కంటిపాపను మూసేసి ఆ రాత్రికే ప్రెషర్ ఆకాశానికెక్కుతుంది. రిజెక్షన్ విషయంలో పీకే కన్నా డీమెక్ ఎంతో నయం. కానీ మన దగ్గర పేషెంట్లు కార్నియా బాగా ఉబ్బి మసకబారాక వస్తారు, లోపల ఏమీ కనబడదు. అలాంటి కంటికి డీసెక్ చేయడం చిన్నతనమేమీ కాదు.

ఆపరేషన్ అయ్యాక అసలు ఉద్యోగం మొదలు. 1 శాతం ప్రెడ్నిసలోన్ చుక్కలు తొలి రోజుల్లో గంటకో రెండు గంటలకో, నెలలమీద తగ్గించుకుంటూ రోజుకొకటికి తేవాలి. పూర్తిగా ఆపేయడం అన్న మాట పేషెంటు నోట రాకూడదు. ప్రతి విజిట్‌లో ప్రెషర్ చూడాలి, రిజెక్షన్ ఆపే స్టెరాయిడే గ్లకోమా తెస్తుంది కనుక. ఇంటికి పంపేటప్పుడు నాలుగు సంగతులు కాగితం మీద తెలుగులో రాసి చేతిలో పెట్టాలి: కన్ను ఎర్రబడటం, వెలుతురు చూడలేకపోవడం, చూపు తగ్గడం, నొప్పి. ఏ ఒక్కటున్నా ఆ రోజే రావాలి, వచ్చే వారం అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. రిజెక్షన్‌ని తొలి రోజుల్లో పట్టుకుంటే గంట గంటకీ స్టెరాయిడ్‌తో చాలావరకు వెనక్కి తిప్పవచ్చు. పది రోజులు దాటాక వచ్చిన కన్నులో ఎండోథీలియం అప్పటికే పోయి ఉంటుంది.

వదులైన కుట్టు ఆ రోజే తీసేయాలి. అది దుమ్మునీ క్రిములనీ పట్టుకుంటుంది, రక్తనాళాల్ని పిలుస్తుంది. బిగుతుగా ఉన్నవి మూడు నెలల తర్వాత టోపోగ్రఫీ (కార్నియా వంపుల పటం) చూసి, వంపు ఎక్కువగా ఉన్న అక్షం మీదివి ఒకటి రెండు చొప్పున తీస్తూ పోవాలి. ఒకేసారి నాలుగు లాగేస్తే లెక్క తప్పుతుంది. దారం బయటి భాగం గాయం గుండా లోపలికి పోకుండా లాగాలి, లాగే ముందు పొవిడోన్ అయోడిన్ చుక్క వేయాలి, తర్వాత వారంపాటు యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కాస్త పెంచాలి. కుట్టు తీసిన తర్వాత వచ్చే రిజెక్షన్లు తక్కువేమీ కాదు.

డబ్బు విషయం దాచడం దేనికి? ఒక్క కార్నియా మీదే బతికే ప్రాక్టీసు కార్పొరేట్ ఆస్పత్రిలోనో ట్రస్టు ఆస్పత్రిలోనో తప్ప కష్టం. టిష్యూని అమ్మడం కొనడం చట్టరీత్యా నేరం, ఐ బ్యాంక్ తీసుకునేది ప్రాసెసింగ్ ఖర్చే. పేషెంట్లు ఎక్కువగా కూలీలూ రైతులూ. జిల్లాలో స్థిరపడే వాళ్లు క్యాటరాక్ట్ జత చేసుకుంటారు, సిటీలో అయితే లేసిక్. మార్పిడి చేయాలంటే ఆస్పత్రికి రిజిస్ట్రేషన్ ఉండాలి, ఐదేళ్లకోసారి రెన్యువల్. సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు: మంచి మైక్రోస్కోపు, ట్రెఫైన్లు, పంచ్, ఒక టోపోగ్రఫీ మెషీన్. దగ్గరి ఐ బ్యాంక్‌తో లిఖితపూర్వక ఒప్పందం, రాత్రి టిష్యూ వచ్చినా అందుకునే మనిషి, సీసా పెట్టుకోవడానికి మందుల ఫ్రిజ్ కాకుండా ఉష్ణోగ్రత రాసిపెట్టే విడి ఫ్రిజ్ ఉండాలి. ఇంకొకటి, మార్పిడి చేసిన ప్రతి పేషెంటు ఫోన్ నంబరుతో పాటు ఇంట్లో ఇంకొకరి నంబరు కూడా రాసి పెట్టుకునే రిజిస్టరు. చెప్పిన తేదీకి రాని వాళ్లకు మర్నాడే ఫోన్ చేసే పని ఒక మనిషికి ప్రత్యేకంగా అప్పగించండి. జీతం ఇచ్చి మరీ అప్పగించండి.